వెలిగొండ లెక్క ఒక్క కాగితం మీద రాసివ్వండి

ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని అన్ని పార్టీల నాయకులకు, కార్యకర్తలకు నమస్కారం.

నేను మార్కాపురం వైపు ఒక మెట్ట పల్లెలో ఉండే రైతుని. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. మా ఇంట్లో మాత్రం పార్టీలున్నాయి. మా తమ్ముడు తెలుగుదేశం, మా బావమరిది వైఎస్సార్ కాంగ్రెస్. మొన్న మా అన్న మనవరాలి ఓణీల ఫంక్షన్లో ఇద్దరూ ఒకే పంక్తిలో పక్కపక్కన కూర్చున్నారు. పప్పు వడ్డించేలోపే, శ్రీశైలం నుంచి నల్లమల కింద సొరంగాలతో మా వైపు కృష్ణా నీళ్ళు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు గొడవ మొదలైంది. "రాయి వేసింది మేము" అని తమ్ముడు. "సొరంగాలు తవ్వి అప్పజెప్పింది మేము" అని బావమరిది. మీ హయాంలో ఎన్ని మీటర్లు, మా హయాంలో ఎన్ని మీటర్లు అంటూ ఇద్దరూ ఫోన్లు తీసి ఒకరికొకరు చూపించుకున్నారు. చివరికి బావమరిది విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆడపిల్ల శుభకార్యం రోజున ఇంటి మనిషి తినకుండా వెళ్ళిపోవడం మా వదినకి ఎంత బాధ కలిగించిందో మీకు చెప్పనక్కర్లేదు.

వాళ్ళిద్దరూ అబద్ధం ఆడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే. ఇద్దరి చేతుల్లోని అంకెలూ నిజమే, మా పొలానికి నీళ్ళు రాలేదన్నదీ నిజమే. అలాంటప్పుడు మీరు మాకు నేర్పిన ఈ పోలికలో ఏదో పెద్ద తప్పుంది. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

1996 మార్చిలో గొట్టిపడియ దగ్గర శంకుస్థాపన జరిగినప్పుడు నేను కుర్రవాణ్ణి. ఊరి నుంచి ట్రాక్టర్లలో వెళ్ళాం. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు వచ్చారు. మా నాన్న తెల్లపంచె కట్టుకుని తలపాగా చుట్టుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు వచ్చాడు. ఈ ప్రాజెక్టుకు ఎవరి పేరు పెట్టారో ఆ పూల సుబ్బయ్య గారు ఈ ప్రాంతం నుంచి గెలిచిన కమ్యూనిస్టు ఎమ్మెల్యే. కృష్ణా నీళ్ళు నల్లమల దాటించి ఇటు తేవాలని ఆయన తరం అడిగిన కోరిక ఆ రోజు తీరినట్టే అనుకున్నాడు మా నాన్న. తరువాత ఎనిమిదేళ్ళు తెలుగుదేశమే అధికారంలో ఉంది. ఆ ఎనిమిదేళ్ళలో రాయి పక్కన చెప్పుకోదగ్గ పని జరగలేదు. తమ్ముడూ, ఇది నువ్వు ఒప్పుకోవాలి. రాయి ఎవరిది అని అడిగినప్పుడల్లా ఆ ఎనిమిదేళ్ళ మాట కూడా చెప్పాలి.

2004 అక్టోబరులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు మళ్ళీ శంకుస్థాపన చేశారు. పని అసలు మొదలైంది అప్పుడే. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులు మూసి మూడు ఆనకట్టలు కట్టడం, కొల్లంవాగు దగ్గర నుంచి దోర్నాల వైపు సొరంగాలు తవ్వే యంత్రాలు దించడం, ఇవన్నీ ఆ కాలంలో మొదలైనవే. ఇది ఎవరైనా ఒప్పుకోవలసిందే. ఆయన పోయాక అదే కాంగ్రెస్ మరో నాలుగున్నరేళ్ళు ఉంది. అప్పుడు పని నత్తనడక నడిచింది. ఒకే పార్టీ, ఒకే జెండా, అయినా మనిషి మారితే పని మారిపోయింది.

ఇక్కడ నాయకుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆ సొరంగాలు మామూలు పని కాదు. ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. మీద పులుల అభయారణ్యం. అందుకని మధ్యలో ఎక్కడా గుంతలు తీసి లోపలికి దిగే వీల్లేదు, చివరి నుంచి యంత్రంతో తొలుచుకుంటూ పోవాలి. లోపల గట్టి రాయి, మధ్యమధ్య ఊట నీళ్ళు, చెడిపోయే యంత్రాలు. ఎవరు కుర్చీలో ఉన్నా కొండ కొండే. కొంత ఆలస్యం కొండ వల్ల అయిందని మేమూ ఒప్పుకుంటాం. కానీ మొత్తం ముప్పై ఏళ్ళ ఆలస్యాన్ని కొండ నెత్తిన పెట్టలేం కదా.

2014 తరువాత తెలుగుదేశం మొదటి సొరంగం పని ముందుకు నడిపింది. 2018లో పాత కాంట్రాక్టర్లను పక్కనపెట్టి మిగిలిన పని కొత్తవాళ్ళకిచ్చింది. 2019లో ప్రభుత్వం మారగానే రెండో సొరంగానికి రివర్స్ టెండర్ (ఇంకా తక్కువకు చేసేవాళ్ళ కోసం మళ్ళీ వేలం) పిలిచి, 60 కోట్లకు పైగా ఆదా అయిందని ప్రకటించారు. ఆదా అయితే సంతోషమే. కానీ ఏ ప్రభుత్వమైనా కాంట్రాక్టు మార్చిన ప్రతిసారీ కొత్తవాళ్ళు వచ్చి యంత్రం చూసుకుని, మనుషుల్ని పెట్టుకుని, పని అందుకునేసరికి నెలలు పోతాయి. ఆ నెలల్లో మా ఊళ్ళో ఎన్ని బోర్లు ఎండాయో ఏ ఆదా లెక్కలోనూ రాదు.

మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో పూర్తయింది. రెండోదానిలో యంత్రం మొరాయిస్తే మనుషుల్ని పెట్టి తవ్వించి 2024 జనవరికి ముగించారు. ఇది నిజంగా గొప్ప పని. లోపల పనిచేసిన కూలీలకు నేను చేతులెత్తి దండం పెడతాను. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వానికి ఈ పేరు దక్కాల్సిందే. తమ్ముడు ఒప్పుకోకపోయినా నేను ఒప్పుకుంటాను.

కానీ బావా, 2024 మార్చి 6న ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు వచ్చి జాతికి అంకితం అన్నారే, ఆ రోజు టీవీ ముందు కూర్చుని మా అమ్మ ఏడ్చింది. నీళ్ళొచ్చాయనుకుంది. తరువాత పది రోజులకే, మార్చి 16న, ఎన్నికల షెడ్యూలు వచ్చింది. సొరంగం అవతలి నుంచి, ఆ మూడు ఆనకట్టల వెనక నిలిచే నల్లమలసాగర్ జలాశయానికి నీళ్ళు మోసే ఫీడర్ కాలువ పూర్తి కాలేదు. మునిగే ఊళ్ళు ఖాళీ కాలేదు. ఊళ్ళో మనుషులుండగా జలాశయంలోకి నీళ్ళు ఎలా వదులుతారు? ఆ ప్రశ్నకు ఆ రోజు వేదిక మీద ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే మా అమ్మ కన్నీళ్ళకు విలువ ఉండేది.

ఇప్పుడు కూటమి ప్రభుత్వం. పాత ప్రభుత్వం వాళ్ళు పూర్తిచేయకుండానే చేశామన్నారని అంటున్నారు, 2026కల్లా నీళ్ళిస్తామని మాట ఇచ్చారు. మాట నిలబడాలని దేవుణ్ణి మొక్కుతున్నాను. అయితే ప్రాజెక్టు పూర్తి కాలేదని పదేపదే చెప్పడం పని చేయడం కింద రాదు. అధికారంలో ఉన్నవాళ్ళు పాతవాళ్ళను తిట్టడానికి వాడే ప్రతి నిమిషం మా లెక్కలో ఆలస్యమే.

కార్యకర్తలకు ఈ ప్రాజెక్టు లెక్క ఒకసారి చెప్పాలి. ఎందుకంటే ఒక్క సొరంగం అయితే చాలు, నీళ్ళొచ్చేసినట్టే అని రెండు పార్టీల పిల్లలూ పోస్టులు పెట్టడం చూశాను. సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్ళు పారితే క్యూసెక్కు, వంద కోట్ల ఘనపుటడుగులైతే టీఎంసీ. వెయ్యి క్యూసెక్కులు పదకొండున్నర రోజులు పారితే ఒక టీఎంసీ. శ్రీశైలానికి వరద ఉండే 45 రోజుల్లో 43.5 టీఎంసీలు తీసుకోవాలన్నది ప్రాజెక్టు. మొదటి సొరంగం మోసేది సుమారు 3,000 క్యూసెక్కులు. అది 45 రోజులూ నిండుగా పారినా పన్నెండు టీఎంసీలకు లోపే. మిగతా బరువంతా 9.2 మీటర్ల వ్యాసం ఉన్న రెండో సొరంగానిది. రెండూ కలిసి పారితేనే 53.85 టీఎంసీల నల్లమలసాగర్‌కు అర్థం, అప్పుడే ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు నీళ్ళు, 15 లక్షల మందికి తాగునీరు. ఇందులో మొదటి దశ 1.19 లక్షల ఎకరాలే. ఆ తరువాత కూడా పిల్ల కాలువలు తవ్వాలి. మా పొలం దాకా వచ్చేది పిల్ల కాలువే. దాని గురించి ఏ మీటింగులోనూ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

మా బత్తాయి తోట సంగతి కూడా చెప్పనివ్వండి. నాలుగెకరాలు మా నాన్న పెట్టిన తోట. వెయ్యి అడుగులు దింపినా బోరులో తడి రాలేదు. ఒక వేసవి ట్యాంకర్లతో నీళ్ళు తోలాం. చెట్టు మొదట్లో పాదు చేసి రెండేసి బిందెలు పోస్తే, పోసిన నీళ్ళు చూస్తుండగానే నేల గుటుక్కున మింగేసేది. ఆకు మెలికపడటం మొదలైతే చెట్టు ఇక బతకదని మాకు తెలుసు. అయినా పోశాం. ట్యాంకరు బాకీ ఆరు నెలలు తీర్చాను. ఆ తరువాత చెట్లు కొట్టించి వంటచెరకుగా అమ్మాను. మా నాన్న ఆ రోజు పొలానికి రాలేదు. గొట్టిపడియకు కట్టుకెళ్ళిన పంచె ఇంకా పెట్టెలో ఉంది, ఆయన లేడు.

మా బాధ ఇలా ఉంటే మునిగే ఊళ్ళ బాధ మరో రకం. సుంకేసుల, గొట్టిపడియ, గుండంచర్ల, కలనూతల ఇలా పదకొండు ఊళ్ళు పోతాయి. మా మేనత్త అందులో ఒక ఊళ్ళోనే ఉంటుంది. మునిగిపోయే ఊరు కదా అని ఇల్లు బాగుచేయించుకోవడానికి చేయి రాదు. కొత్త ఇల్లు మంజూరు కాదు. ఎప్పుడో సర్వేవాళ్ళు వచ్చి ముందు గోడ మీద ఎర్రరంగుతో ఒక నంబరు వేసి వెళ్ళారు. ఆ నంబరు చెరిగిపోతే పరిహారం పోతుందేమోనని మా అత్త ఆ గోడకు సున్నం వేయనివ్వదు. సంక్రాంతికి మూడు గోడలూ తెల్లగా ఉంటాయి, వీధి వైపు గోడ మాత్రం మాసిపోయి, మధ్యలో వెలిసిపోయిన ఆ అంకెలు. వాన జల్లు తగలకుండా దాని మీద గోనెపట్టా కడుతుంది. సర్వే నాటికి మైనరుగా ఉన్న మనవడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వాడు లెక్కలోకి వస్తాడా రాడా అని ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ అడిగితే పైనుంచి ఉత్తర్వు రావాలన్నారు. కుటుంబానికి 12.5 లక్షల ప్యాకేజీ అని పోయిన ప్రభుత్వం చెప్పింది, ఇస్తామని ఈ ప్రభుత్వమూ అంటోంది. ఏడువేలకు పైగా కుటుంబాల్లో ఎవరికి ముట్టింది, ఎవరికి ముట్టలేదు అన్నది మాత్రం మామూలు మనిషికి కనిపించే చోట లేదు.

చేయాలనుకుంటే ఒక్క పదవీకాలంలో ఒక పని పూర్తిచేయవచ్చని మన ఉమ్మడి జిల్లాలోనే రుజువు ఉంది. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టు 2008లో నీళ్ళు నిలిపింది. అదే ప్రాజెక్టు గేటు 2022లో కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో ఇంకో గేటు పోయింది. ఒంగోలు వాళ్ళు తాగే నీళ్ళు, కింది రైతుల పైరు నీళ్ళు కళ్ళముందే సముద్రంలోకి పోయాయి. అప్పుడు తెలుగుదేశం వాళ్ళు గేట్ల దగ్గర నిలబడి ఫోటోలు దిగారు, అధికారంలో ఉన్నవాళ్ళు అంతకుముందు అయిదేళ్ళు మీరేం చేశారని అడిగారు. గేటుకు తుప్పు ఒక్క ఏడాదిలో పట్టదు. ఆ తుప్పులో రెండు పార్టీల సంవత్సరాలూ ఉన్నాయి. మొదటి గేటు పోయాక కూడా ఏడాదిలో మిగతావి చూసుకోకపోవడం మాత్రం అప్పుడున్న ప్రభుత్వం తప్పే. దానికి వేరే ఎవరినీ అనక్కర్లేదు.

రామాయపట్నం పోర్టుదీ ఇదే వరస. 2019 జనవరిలో ఒక శంకుస్థాపన, 2022 జులైలో ఇంకొకటి. రెండు రాళ్ళ మీదా రెండు పేర్లు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాను. మీరు పోటీపడి చేసిన పని ఒకటుంది, అది మా ఇంట్లోకే వచ్చింది. మా అమ్మ పింఛను. 2004లో 75 రూపాయలు. రాజశేఖరరెడ్డి గారు 200 చేశారు. 2014లో చంద్రబాబు గారు వెయ్యి చేశారు, 2019 ఎన్నికల ముందు రెండు వేలు. జగన్ గారు 2,250తో మొదలుపెట్టి 2024 జనవరికి మూడు వేలు చేశారు. ఆ ఏడాది జులైలో చంద్రబాబు గారు నాలుగు వేలు చేసి మూడు నెలల బకాయితో కలిపి ఏడు వేలు ఇంటికి పంపారు. ఒకరి కాలంలో వాలంటీరు తెల్లవారకముందే తలుపు కొట్టాడు. ఇంకొకరి కాలంలో సచివాలయం ఉద్యోగి వచ్చి చేతిలో పెట్టాడు. మా అమ్మకు చదువు రాదు. నోట్లు లెక్కపెట్టడం వచ్చు. ఒక్క నోటు తక్కువైనా ఆ సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మీకూ తెలుసు. అందుకే ఏ పార్టీ వచ్చినా పింఛను తగ్గించే ధైర్యం చేయలేదు, పెంచుకుంటూనే పోయింది.

వెలిగొండలో ఈ భయం మీకెవరికీ లేదు. ఎందుకంటే అక్కడ ఏం జరుగుతోందో మా అమ్మ లెక్కపెట్టలేదు. ఎన్ని మీటర్లు లైనింగు (కాంక్రీటు పూత) అయింది, ఎన్ని కుటుంబాలకు డబ్బు పడింది, ఎంత బిల్లు బాకీ ఉంది, ఇవి మీ దగ్గరే ఉంటాయి. 95 శాతం అయిందని ఒకరంటే, అంతా మిగిలే ఉందని ఇంకొకరంటారు. శాతం అనే మాటలో ఏదైనా దాగిపోతుంది. మాకు శాతం వద్దు. నోటు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టుకునేది ఇవ్వండి.

అధికారంలో ఉన్నవాళ్ళను అడుగుతున్నాను. నెలకొక్క కాగితం తయారుచేయండి. ఫీడర్ కాలువ ఎన్ని కిలోమీటర్లు, అందులో లైనింగు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అయింది, పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత. రెండో సొరంగంలో ఇంకా మిగిలిన పని ఏమిటి. పదకొండు ఊళ్ళలో ఒక్కో ఊరికి ఎన్ని ఇళ్ళు, ఎన్నింటికి డబ్బు పడింది, ఎన్ని కుటుంబాలు కొత్త కాలనీకి మారాయి. పడమటి మండలాల్లోని ప్రతి సచివాలయం గోడకు ఆ కాగితం అంటించండి. దీనికి ఖర్చేమీ లేదు. ఇంజనీర్ల దగ్గర ఈ లెక్క రోజూ ఉండేదే.

ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళను అడుగుతున్నాను. ఆ కాగితం తప్పైతే ఏ లైనులో తప్పో చూపించండి. కాలువ గట్టు మీదికి వచ్చి టేపు పట్టి కొలవండి. మేము ట్రాక్టరు పెడతాం, అన్నం పెడతాం. "మోసం, మోసం" అని ఒంగోలులో ప్రెస్ మీట్ పెడితే మా పొలానికి ఒరిగేదేమీ లేదు. మీ అయిదేళ్ళలో నిర్వాసితులకు ఎంత ఇచ్చారో, ఎంత ఇవ్వకుండా వదిలేశారో ముందు మీరే రాసివ్వండి. అలా రాసిచ్చిన పార్టీకి నా ఓటు వేస్తానని నలుగురిలో చెబుతున్నాను, ఏ జెండా అయినా సరే.

కేంద్రంలో ఉన్న బీజేపీ నాయకులకు ఒక మనవి. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో తెలుగుగంగ, గాలేరు నగరి, హంద్రీనీవాలతో పాటు వెలిగొండ పేరు రాసి ఉంది. తెలంగాణ అభ్యంతరాలు చెబుతూనే ఉంది. రేపు నీళ్ళు వదిలే సమయానికి కృష్ణా నది బోర్డులో గొడవ లేవకుండా చూడటం మీ చేతిలో పని. అది ఇప్పుడే చూడండి.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మార్కాపురం జిల్లా ఇవ్వలేదని ఒక పార్టీ మీద కోపం, ఇచ్చింది మేమేనని ఇంకో పార్టీకి గర్వం. మాకూ సంతోషమే, కలెక్టరాఫీసు దగ్గరైతే మంచిదే. జిల్లా పేరు ఏదైనా నీళ్ళు మాత్రం ఆ సొరంగంలో నుంచే రావాలి. పిల్లను ఇవ్వడానికి వచ్చినవాళ్ళు మీ ఊళ్ళో నీళ్ళున్నాయా అని అడుగుతున్నారు గానీ మీది ఏ జిల్లా అని అడగడం లేదు.

తమ్ముడూ, బావా, మీ ఇద్దరికీ కూడా ఇది చేరుతుందని తెలుసు. వదిన మీ ఇద్దరినీ మళ్ళీ భోజనానికి పిలుస్తానంటోంది. ఈసారి వచ్చేటప్పుడు ఫోనులో పోస్టర్లు వద్దు. మీ మీ ఎమ్మెల్యేలనో ఇన్‌చార్జులనో అడిగి ఆ కాగితంలోని ఒక్క లైనైనా పట్టుకురండి. ఒకరు కాలువ లైను, ఒకరు ఇళ్ళ లైను.

ఆఫీసర్లకూ నాయకులకూ చివరగా ఇదొక్కటే. వచ్చే నెల ఒకటో తారీఖున పింఛను పట్టుకుని మీ మనిషి మునక ఊరికి వస్తాడు. మా అత్త తలుపు కొడతాడు. ఆ రోజు నోట్లతో పాటు ఆ కాగితం కూడా పంపండి. ఆమె గోనెపట్టా తీసి గోడ మీది నంబరు చూపిస్తుంది. ఆ నంబరు కాగితంలో ఉందో లేదో, దాని ఎదురుగా ఏం రాశారో మీ మనిషి చేత చదివించుకుంటుంది.

ఇట్లు,
మార్కాపురం వైపు మెట్ట రైతు